అమ్మానాన్నలతో వైజాగ్ నుంచి ఒక్క రోజులో అరకు: రైలా, కారా?

రాజాం అమ్మాయి అడిగినది:

అందరికీ నమస్కారం. మాది రాజాం. పెళ్లయ్యాక మధురవాడలో ఉంటున్నాం. డిసెంబరులో అమ్మానాన్న మా ఇంటికి వస్తున్నారు. ఇద్దరూ ఇంతవరకూ అరకు చూడలేదు. పొలం, పశువులు, ఆ తర్వాత మా చదువులు, పెళ్లిళ్లు, ఇలా ఎప్పటికప్పుడు వాయిదా పడిపోయింది. ఈసారి ఎలాగైనా తీసుకెళ్లాలని నా పట్టుదల. కానీ వాళ్లు మా ఇంట్లో ఉండేది తక్కువ రోజులు, అందులో మా ఆయనకి సెలవు దొరికేది ఒక్క రోజే. రాత్రి అక్కడ ఉండడం కుదరదు.

అమ్మకి అరవై ఆరేళ్లు. మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే నడుస్తుంది, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. నాన్న బాగానే నడుస్తారు, ఆయన కోరికల్లా రైలు. గుహల్లోంచి వెళ్లే రైలు ఎక్కాలని ఎప్పటి నుంచో అంటున్నారు. మా బాబుకి ఏడేళ్లు. సింహాచలం కొండ ఎక్కేటప్పుడే కారులో వాంతి చేసుకుంటాడు, ఇక అరకు ఘాట్ అంటే నాకు ఇప్పటి నుంచే టెన్షన్.

మా ఆయన వేసిన ప్లాన్ ఇది: తెల్లవారుజామున కారులో బయలుదేరి బొర్రా గుహలు, కటికి జలపాతం, అరకులో మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్, చాపరాయి, వీలుంటే వంజంగి మేఘాలు, రాత్రికి ఇల్లు. నాకైతే ఇది అయ్యే పనిలా అనిపించడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి. రైలు మంచిదా, కారు మంచిదా? అమ్మ గుహల్లోకి దిగగలదా? ఏది వదిలేయాలి?


సాలూరు నుంచి ఒకరు:

అక్కా, డిసెంబరులో అరకు అంటే జనమే జనం. మా సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్లి చూడండి. విజయనగరం నుంచి జాతీయ రహదారి 26, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటాక సుంకి ఘాట్. కొండలు అంతే అందంగా ఉంటాయి, జనం అంత ఉండరు. కొరాపుట్‌లో శబర శ్రీక్షేత్రం అని జగన్నాథుడి గుడి ఉంది, పెద్దవాళ్లకి నచ్చుతుంది. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, ఆ పక్కనే. ఒక్కటే ఇబ్బంది, మధురవాడ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి రావాలంటే దూరం ఎక్కువ. అమ్మానాన్న రాజాంలో ఉన్నప్పుడు అక్కడి నుంచే బయలుదేరితే సులువు. ఆ రోడ్డు మీద ఖనిజం లారీలు చాలా తిరుగుతాయి, మీ ఆయనకి ఘాట్ డ్రైవింగ్ అలవాటు ఉండాలి.


బొడ్డవర నుంచి ఒకరు:

రాజాం అమ్మాయి గారూ, మాది బొడ్డవర. శృంగవరపుకోట దాటగానే వచ్చే స్టేషన్. మా నాన్న అరకు రైలు నడిచే కేకే లైన్లో పట్టాలు చూసుకునే కీమేన్‌గా చేసి రిటైరయ్యారు. నేను ఎస్.కోటలో షాపు నడుపుతున్నాను. ఆ కొండ, ఆ లైను మా ఇంటి మనుషుల్లాంటివి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా నా సలహా చెప్పేస్తాను. అమ్మానాన్నని, బాబుని తీసుకుని మీరు రైలెక్కండి, బొర్రాలో దిగండి. మీ ఆయన కారు తీసుకుని రోడ్డు మీద బొర్రాకి వస్తారు. గుహలు చూశాక అందరూ కారులో అరకు వెళ్లండి. అక్కడ ఒక్కటంటే ఒక్క చోటు చూడండి. మూడు గంటలకల్లా తిరుగు ప్రయాణం, కారులోనే. వెలుగు ఉండగా ఘాట్ దిగిపోవాలి. మిగతా లిస్టు ఇంకోసారికి అట్టిపెట్టుకోండి.

ఎందుకంటే, విశాఖ నుంచి అరకు నూటపదిహేను కిలోమీటర్ల పైమాటే. ఎస్.కోట వరకు మైదానం, బండి బాగానే లాగుతుంది. కాశీపట్నం దాటి ఘాట్ ఎక్కాక గంటకి ఎంత దూరం వెళ్తారన్నది మీ చేతుల్లో ఉండదు. ముందు ఒక టూరిస్టు బస్సు, దాని ముందు గ్యాస్ బండ్ల లారీ, మలుపు దగ్గర సెల్ఫీలకి ఆగిన బైకులు. డిసెంబరు ఆదివారాల్లో అనంతగిరి దగ్గర కార్లు ఒకదాని వెనక ఒకటి నిలబడిపోతాయి. అలాంటి రోజున ఆరేడు చోట్లు చూడాలనుకుంటే అమ్మగారు చూసేది కారు సీటు, ముందు బండి వెనక అద్దం. సెలవు మార్చుకునే వీలుంటే మంగళవారమో బుధవారమో చూసుకోమనండి. ఆ ఒక్క మార్పుతో సగం ఇబ్బంది పోతుంది.

వంజంగి సంగతి. అది పాడేరు పక్కన. మేఘాలు కాళ్ల కింద కనిపించాలంటే సూర్యుడు రాకముందే పైన ఉండాలి, చివర కొంత దూరం నడిచి ఎక్కాలి. ముందు రాత్రి పాడేరులోనో అరకులోనో పడుకున్నవాళ్లకే అది కుదురుతుంది. మధ్యాహ్నం వెళ్తే మామూలు కొండే. దాన్ని లిస్టులోంచి తీసేయండి. చాపరాయి డుంబ్రిగుడ వైపు, అరకు దాటి ఇంకా ముందుకి వెళ్లాలి. నీళ్లు బండల మీద నుంచి జారుతుంటాయి, చూడ్డానికి బాగుంటుంది, కానీ నాచు పట్టిన రాయి మీద మోకాళ్ల నొప్పులున్న మనిషిని నడిపించవద్దు. కటికి జలపాతానికి మీ కారు వెళ్లదు, జీపు మాట్లాడుకుని, ఆపైన కొంత నడవాలి. అదీ వద్దు.

ఇప్పుడు రైలు. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే బండి పొద్దున ఏడు కొట్టకముందే బయలుదేరుతుంది. కచ్చితమైన టైము టికెట్ తీసేటప్పుడు చూసుకోండి, అప్పుడప్పుడు మారుస్తుంటారు. మీరు తప్పకుండా రిజర్వేషన్ చేయించండి. జనరల్ బోగీ డిసెంబరులో విశాఖలోనే నిండిపోతుంది, ఎస్.కోట వచ్చేసరికి మావాళ్లు తలుపు దగ్గర వేలాడుతుంటారు. అద్దాల బోగీ, అదే విస్టాడోమ్, 2017 నుంచి ఈ బండికి తగిలిస్తున్నారు. పెద్ద కిటికీలు, పైకప్పులోనూ అద్దాలు, సీటు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. టికెట్ ఖరీదు మామూలు బోగీకి ఎన్నో రెట్లు. అమ్మగారి కాళ్ల కోసం అది దొరికితే మంచిదే. దొరక్కపోతే బాధపడకండి. మామూలు రిజర్వేషన్ బోగీలో కిటికీ తెరుచుకుంటుంది. శివలింగపురం దాటాక చల్లగాలి ముఖానికి తగలడం, తడి మట్టి వాసన, ఇవి అద్దం వెనక దొరకవు. నన్నడిగితే నాకు అదే ఇష్టం.

బాబు వాంతుల గురించి కంగారు పడకండి. రోడ్డు హెయిర్‌పిన్ మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది. రైలు అలా తిరగలేదు. నిటారుగా ఎక్కనూ లేదు. అందుకే లైను వేసినవాళ్లు కొండల చుట్టూ మెల్లగా తిప్పుకుంటూ, అడ్డమొచ్చిన కొండని తొలుచుకుంటూ పోయారు. ఈ లైను మీద 58 సొరంగాలు ఉన్నాయి. మలుపు ఎంత పొడుగ్గా ఉంటుందంటే మీరు కిటికీలోంచి చూస్తే మీ బండి ఇంజనే పక్కన వంకర తిరిగి కనిపిస్తుంది. కడుపులో తిప్పడం ఉండదు. సొరంగం రాగానే బోగీలో పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు పెడతారు, మీ బాబు కూడా పెడతాడు, పెట్టనివ్వండి.

నాన్నగారికి ఇది చెప్పండి, ఆయనకి నచ్చుతుంది. ఆ లైను ప్రయాణికుల కోసం వేసింది కాదు. బస్తర్‌లోని బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించి జపానుకి పంపడానికి, జపాన్ వాళ్ల సహకారంతో 1960ల్లో వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కాబట్టి కేకే లైన్. ఇప్పటికీ ఆ లైన్లో పెద్దపీట ఖనిజం గూడ్సులదే. కింద నుంచి ఖాళీ వ్యాగన్ల బండి ఎక్కుతుంది, పై నుంచి నిండు బండి దిగుతుంది. దిగే బండి బరువు మామూలు బరువు కాదు, దాన్ని అదుపులో పెట్టుకుంటూ దించడమే ఒక విద్య. చాలాచోట్ల ఇంకా సింగిల్ లైనే, రెండో లైను పనులు నడుస్తున్నాయి. అందుకని మీ బండి ఏ చిమిడిపల్లిలోనో గూడ్సు కోసం ఆగితే విసుక్కోకండి. కిందికి దిగవద్దు, సీట్లో కూర్చునే చూడండి. ఎదురుగా ఎర్రమట్టి రంగు ఖనిజం నింపుకున్న వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. బాబుని లెక్కపెట్టమనండి.

మా నాన్న పని గురించి ఒక ముక్క రాయాలని ఉంది. కీమేన్ అంటే తన బీటులో ఉన్న పట్టాలన్నీ రోజూ నడిచి చూసే మనిషి. భుజం మీద సుత్తి, పానా, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా. పట్టాని స్లీపరుకి పట్టి ఉంచే చిన్న చిన్న ఇనుప ముక్కలు ఉంటాయి. సుత్తితో ఒకటి వేస్తే, బిగువుగా ఉన్నది ఖణీమంటుంది, వదులైనది మొద్దుగా మోగుతుంది. మా నాన్న చూపు ఎటున్నా చెవి మాత్రం ఆ చప్పుడు మీదే ఉండేది. వానాకాలంలో రాత్రుళ్లు పెట్రోలింగ్ ఉండేది. కొండ తొలిచిన చోట పైనుంచి బురద, బండరాళ్లు పట్టాల మీదికి జారుతాయి, ఈ లైనుకి అది ఏటా ఉండే గండం. ఎదురుగా వచ్చే బండికి ఎర్రదీపం చూపించి ఆపాలి, అది కనపడదేమోనని పట్టా మీద డిటోనేటర్లు పెట్టాలి, ఇంజను వాటి మీద నుంచి వెళ్తే పేలి డ్రైవరుకి తెలుస్తుంది. సొరంగాల గోడల్లో అక్కడక్కడ మనిషి పట్టేంత గూళ్లు ఉంటాయి. లోపలున్నప్పుడు బండి వస్తే ఆ గూట్లోకి నక్కి నిలబడతారు. మీ కిటికీ పక్కన నారింజ చొక్కా వేసుకుని జెండా పట్టుకుని ఎవరైనా నిలబడి కనిపిస్తే, బాబు చేత చెయ్యి ఊపించండి. వాళ్లూ ఊపుతారు.

బొర్రా గుహలు స్టేషన్లో బండి ఆగేది కొద్దిసేపే. బోగీ మెట్లు ఎత్తు. అమ్మగారిని స్టేషన్ వచ్చే ముందే తలుపు దగ్గరికి తెచ్చుకోండి. మీరు ముందు దిగి చెయ్యి అందించండి, నాన్నగారు వెనక ఉండాలి. బండి వచ్చేసరికి పది ప్రాంతం అవుతుంది. మీ ఆయన ఇంట్లో మీతో పాటే బయలుదేరి మిమ్మల్ని స్టేషన్లో దించి, పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా వస్తే ఇంచుమించు అదే వేళకి చేరతారు. మెయిన్ రోడ్డు మీద బొర్రా జంక్షన్ దగ్గర లోపలికి తిరగాలి. పెట్రోలు ఎస్.కోటలో పోయించుకోవాలి. ఘాట్‌లో సెల్ సిగ్నల్ ఉండీ లేనట్టు ఉంటుంది, కాబట్టి ఎక్కడ కలుసుకోవాలో ఇంట్లోనే అనుకోండి. ఫోన్ చేసుకుందాంలే అనుకుంటే కుదరదు. చేతిలో కొంత నగదు ఉంచుకోండి.

అరకు వెళ్లే దారిలో కాఫీ తోటలు వస్తాయి. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని మిరియాల తీగలు, వాటి నీడన నడుమెత్తు కాఫీ మొక్కలు. డిసెంబరులో కాఫీ పళ్లు ఎర్రబడి కొమ్మని పట్టుకుని గుత్తులుగా ఉంటాయి. కోయవద్దు, అది గిరిజన రైతుల ఏడాది కష్టం. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, 1956 నుంచి ఉన్నది, ఈ కాఫీ, తేనె, చింతపండు కొని అమ్ముతుంది. కాఫీ పొడి కొనాలంటే జీసీసీ షాపులో కొనండి.

వలిసె పూలు మాత్రం అమ్మగారికి చూపించండి. నవంబరు నుంచి డిసెంబరు దాకా అరకు చుట్టుపక్కల చేలన్నీ పసుపుపచ్చగా ఉంటాయి. మీరు వెళ్లే వారానికి కొన్ని చేలు కోసేసి ఉండొచ్చు, కొన్ని ఉంటాయి. ఆ గింజ నుంచి నూనె తీస్తారు, అది పంట. ఫొటో కోసం చేలోకి దిగి తొక్కేస్తున్నారు జనం, చూస్తే కడుపు మండుతుంది. గట్టు మీద నిలబడి తీసుకోండి. దిగాలనుకుంటే రైతుని అడిగి, ఆయనకి ఎంతో కొంత ఇచ్చి దిగండి.

అరకులో చూడాల్సిన ఆ ఒక్కటి గిరిజన మ్యూజియం. నేల చదునుగా ఉంటుంది, కూర్చోడానికి చోటు ఉంటుంది. మట్టి ఇళ్లు, తిరగళ్లు, వేట సామాను, నగలు, సంతలు, పెళ్లిళ్లు అన్నీ బొమ్మలతో పెట్టారు. మీ అమ్మగారు పొలం మనిషి అన్నారు కదా, ఒక్కో వస్తువు దగ్గర ఆగి మా ఇంట్లోనూ ఉండేదే అంటారు చూడండి. పద్మాపురం గార్డెన్స్ బాబుకి నచ్చుతుంది, అక్కడ చిన్న రైలు తిరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలైన తోట అది. టైముంటే చూడండి, లేకపోతే లేదు.


గంట్యాడ నుంచి ఒకరు:

బొడ్డవర అన్నయ్య చెప్పిన దానికి నాదో మాట. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, మా అత్తగారిని కిందటేడు బొర్రాకి తీసుకెళ్లాను, ఆవిడకీ మోకాళ్లే. గుహ లోపలికి మెట్లు దిగాలి, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలి. దిగడమే మోకాళ్లకి ఎక్కువ కష్టం. మెట్లు తడిగా ఉంటాయి, పై నుంచి చుక్కలు పడుతూనే ఉంటాయి. అయినా అమ్మగారు అసలు చూడలేరు అనుకోవద్దు. లోపలికి అడుగుపెట్టగానే మొదటి గది ఒక్కటే సినిమా హాలంత ఉంటుంది. పైకప్పులో ఒక చోట కన్నం ఉండి వెలుగు నేరుగా కిందికి పడుతుంది. అక్కడి దాకా మెల్లగా దిగి, ఒక పక్కన నిలబడి చూసి వెనక్కి రావచ్చు. అంతకు మించి లోతుకి, శివలింగం దగ్గర ఉన్న నిటారు మెట్లకి వద్దు. కిందనుంచే దణ్ణం పెట్టుకోమనండి.

దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు వేయాలి, ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. ఒక చేత్తో రైలింగు, రెండో వైపు మీరు. చెప్పులు జారతాయి, వెనక పట్టీ ఉన్న బూట్లు కొనిపెట్టండి, ముందు రోజు నుంచే ఇంట్లో వేసుకుని తిరగమనండి. మోకాలి బెల్టు అలవాటు ఉంటే వేసుకోవాలి, కొత్తగా ఆ రోజే మొదలుపెట్టకూడదు. మూడు గంటలు రైల్లో కదలకుండా కూర్చుంటే కాళ్లు బిగుసుకుపోతాయి, మధ్య మధ్యలో బోగీలోనే లేచి నిలబడి నాలుగడుగులు వేయించండి.

ఆ గుహ ఎలా ఏర్పడిందో నాన్నగారికి, బాబుకి చెప్పండి. అది సున్నపురాయి కొండ. వాన నీళ్లు మట్టిలోంచి ఇంకుతూ కొంచెం పులుపెక్కుతాయి, ఆ నీళ్లు సున్నపురాయిని కరిగిస్తూ పోతాయి. కరిగిన సున్నం ఒక్కో చుక్కతో కిందికి వచ్చి, కొంత పైనే పేరుకుని వేలాడుతుంది, కొంత కింద పడి పైకి పెరుగుతుంది. మనం చూసే ఆకారాలన్నీ అవే. గోస్తనీ నది ఆ గుహల దగ్గరే పుడుతుంది. ఆవు ఒకటి పైనున్న కన్నంలోంచి పడిపోతే వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లోపల లింగం కనపడిందని అక్కడివాళ్లు కథ చెబుతారు. ఆ గోస్తనీ మా గంట్యాడ పక్కన తాటిపూడి రిజర్వాయరులోకి వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖకి కూడా వెళ్తాయి.

గుహల బయట కోతులు. చేతిలో కవరు కనపడితే లాక్కుపోతాయి. తినేవన్నీ కారులో పెట్టి తలుపులు వేసుకోండి, బాబు చేతికి చిప్స్ పాకెట్ ఇవ్వకండి.


రాజాం అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్. మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. వంజంగి, చాపరాయి, కటికి తీసేశారు. సెలవు బుధవారానికి మార్చుకుంటానన్నారు. సాలూరు తమ్ముడూ, కొరాపుట్ వేసవిలో రాజాం వచ్చినప్పుడు తప్పకుండా వెళ్తాం.

ఇంకో మూడు సందేహాలు. దిగేటప్పుడు కారులోనే కదా, అప్పుడు బాబు సంగతేంటి? మధ్యాహ్నం భోజనం ఎక్కడ? అమ్మ బొంగులో చికెన్ గురించి టీవీలో చూసి అడుగుతోంది, శుభ్రంగా ఉంటుందా? మూడోది నాన్న గురించి. మీరు రాసినదంతా విన్నాక ఆయన బొర్రాలో దిగనంటున్నారు. శిమిలిగుడ స్టేషన్ బోర్డు చూడాలట, పేపర్లో ఎప్పుడో చదివారట. ఎలా సర్దాలో తెలియడం లేదు.


బొడ్డవర నుంచి ఒకరు:

నాన్నగారు అడిగినదాంట్లో న్యాయం ఉంది. శిమిలిగుడ బొర్రా తర్వాత, అరకుకి ముందు వస్తుంది. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తు. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదని చాలాకాలం దానికి పేరు. బొర్రాలో దిగితే అది చూడలేరు. ఆయన బాగా నడుస్తారు, చదువుకున్న మనిషి, ఆయన్ని అరకు దాకా రైల్లోనే వెళ్లనివ్వండి. ఆయనకి టికెట్ అరకు వరకు తీయండి, మీ ముగ్గురికీ బొర్రా వరకు. అరకు స్టేషన్ బయట ఆటోలు ఉంటాయి, మ్యూజియం అంటే తీసుకెళ్తారు. మీరు గుహలు చూసి కారులో వచ్చేసరికి ఒంటిగంట అవుతుంది, ఆయన ఈలోపు మ్యూజియం తీరిగ్గా చూసుకుంటారు. మధ్యలో ఫోన్ కలవకపోయినా మ్యూజియం గేటు దగ్గర అని ముందే అనుకుంటే చాలు. ఒక చీటీ మీద మీ ఇద్దరి నంబర్లు రాసి ఆయన జేబులో పెట్టండి. స్వెటరు, మఫ్లరు ఆయన చేతి సంచిలోనే ఉండాలి, కారులో పెడితే లాభం లేదు. అమ్మగారిని దించడానికి వెనక ఉండే మనిషి నాన్నగారే అన్నాను కదా, ఆయన బండి దిగకుండా తలుపు దాకా వచ్చి పట్టుకుంటారు, కింద మీరు అందుకోండి. బాబుని అమ్మగారి కంటే ముందు దించి, కదలకుండా గోడ పక్కన నిలబెట్టండి.

భోజనం. అరకులో మ్యూజియం చుట్టుపక్కల హోటళ్లు చాలానే ఉన్నాయి, ఒంటిగంటన్నర దాటితే రద్దీ. బొంగులో చికెన్ బొర్రా దగ్గరా, దారి పొడవునా దొరుకుతుంది. ఎలా గుర్తుపట్టాలో చెప్తాను. పచ్చి బొంగు అప్పటికప్పుడు మీ ఎదురుగా నరికి, మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతిని ఆకుతో బిగించి నిప్పుల మీద పెట్టాలి. నూనె వేయరు. బొంగు పచ్చరంగు పోయి గోధుమరంగుకి, తర్వాత నల్లగా మారుతుంది, మూతి దగ్గర నీరు బుసబుసమని పొంగుతుంది. మధ్య మధ్యలో తిప్పుతూ ఉండాలి. ముప్పావుగంట దాకా పడుతుంది. ముందే ఉడికించి పెట్టుకుని, కాల్చిన బొంగులో పోసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, అక్కడ కొనకండి. గుహల్లోకి వెళ్లేముందు మీ ఆయన చేత ఆర్డరు చెప్పించి, తిరిగి వచ్చాక తీసుకుంటే వేడివేడిగా ఉంటుంది. కారం తక్కువ వేయమని చెబితే బాబు కూడా తింటాడు. కానీ బాబుకి రెండు ముక్కలకి మించి పెట్టకండి, సాయంత్రం ఘాట్ దిగాలి.

దిగేటప్పుడు బాబుని వెనక సీటు మధ్యలో, ముందు అద్దంలోంచి రోడ్డు కనపడేలా కూర్చోబెట్టండి. ఫోను ఇవ్వొద్దు. కిటికీ కొంచెం దించి ఉంచండి. వాంతి మాత్ర ఏది, ఎంత అన్నది మీ పిల్లల డాక్టరునే అడగండి, బయలుదేరే ముందే వేయాలి, మొదలయ్యాక వేస్తే పనిచేయదు. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఒకసారి, డముకు దగ్గర ఒకసారి ఆగండి. మీ ఆయనకి చెప్పండి, ఎక్కిన గేరులోనే దిగాలి. మొత్తం దూరం బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. మలుపు దగ్గర హారన్ కొట్టాలి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. డిసెంబరులో అయిదున్నరకే చీకటి పడుతుంది, దానికి ముందే మంచు దిగుతుంది. మూడింటికి అరకులో కారు కదిలితే అయిదింటికల్లా కాశీపట్నం దాటేస్తారు.

ఒక్క విన్నపం. తాగిన నీళ్ల సీసాలు, తిన్న విస్తర్లు కారులోనే ఒక సంచిలో వేసుకుని ఎస్.కోట దాకా తెచ్చేయండి. ట్యాడ దగ్గర అడవిలో జనం పారేసిన ప్లాస్టిక్, పగిలిన సీసాలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అక్కడి పిల్లలు చెప్పుల్లేకుండా ఆ దారిలోనే నడుస్తారు.

రిజర్వేషన్ మాత్రం ఇవాళే చేసేయండి. బుధవారమైనా డిసెంబరులో అద్దాల బోగీ తొందరగా అయిపోతుంది.


రాజాం అమ్మాయి:

చేసేశాం అన్నయ్యా. అద్దాల బోగీ దొరకలేదు, మామూలు రిజర్వేషన్‌లో నాలుగూ దొరికాయి, నాన్నకి అరకు దాకా, మాకు బొర్రా దాకా. రెండు కిటికీ సీట్లు వచ్చాయి. అమ్మకి ఒకటి, రెండోదాని కోసం తాతామనవళ్లు ఇప్పటి నుంచే ఫోన్లో పోట్లాడుకుంటున్నారు.